మోడ్ మీట తిప్పే ముందు కేబుల్ చూడండి: ఇన్వర్టర్ వెల్డింగ్ మెషిన్‌లో రాడ్, వైర్, టిగ్ సెట్టింగులు

పోయిన వేసవిలో మా షాపుకి ఒక కుర్రాడు కొత్త మెషిన్ ఆటోలో వేసుకుని వచ్చాడు. మూడు మోడ్‌లు ఉన్న 200 ఆంప్స్ ఇన్వర్టర్. "అన్నా, కొని నాలుగు రోజులైంది. రాడ్డుతో బాగానే కాలుతోంది. వైరు పెడితే మాత్రం ముద్దలు ముద్దలుగా పడుతోంది, రవ్వలు మొహం దాకా వస్తున్నాయి. వైరు చుట్ట కూడా మార్చి చూశాను. ఇక తిరిగి ఇచ్చేస్తా" అన్నాడు. పక్క మూత తెరిచాను. లోపల టార్చ్‌ని ప్లస్‌కో మైనస్‌కో కలిపే వేలెడంత రాగి పట్టీ ప్లస్ బోల్టు మీద ఉంది. అతను వాడుతున్నది గ్యాస్ అక్కర్లేని వైరు. దానికి టార్చ్, అంటే వైరు బయటికొచ్చే చేతి పిడి, మైనస్‌లో ఉండాలి. రెండు నట్లు వదులు చేసి, పట్టీ మార్చి బిగించాం. అదే వైరు, అదే పైపు ముక్క. ఈసారి బీడ్, అంటే కరిగి పడిన అతుకు చార, నున్నగా పడింది. కుర్రాడు హెల్మెట్ తీసి బీడ్ మీద వేలు పెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపాల్సి వచ్చింది, ఇంకా ఎర్రగానే ఉంది.

తప్పు అతనిది కాదు. అతను పని నేర్చుకున్నది చక్రం తిప్పి కరెంటు పెంచే పాత ట్రాన్స్‌ఫార్మర్ మీద. అది ఏసీ. మన 50 హెర్ట్జ్ కరెంటులో దిశ సెకనుకి 100 సార్లు మారుతూ ఉంటుంది కాబట్టి రాడ్ పట్టే హోల్డర్ ఏ వైపు పెట్టినా ఒకటే. ఇన్వర్టర్ ఇచ్చేది డీసీ. ఇక్కడ ప్లస్, మైనస్ తేడా పనినే మార్చేస్తుంది. మోడ్ మీట తిప్పితే మెషిన్ లోపలి తీరు మారుతుంది, అంతే. బయట ఉన్న కేబుళ్ళు, గ్యాస్, రోలర్, రాడ్ మార్చాల్సింది మనమే. ఈ రెండూ కలిస్తేనే మోడ్ మారినట్టు.

ముందు ఇంటి కరెంటు

పెట్టె మీద 200 ఆంప్స్ అని ఉంటే అది వెల్డింగ్ వైపు కరెంటు. బోర్డు నుంచి మెషిన్ లాగే కరెంటు వేరు. సింగిల్ ఫేజ్ 230 వోల్ట్‌ల మీద 100 ఆంప్స్‌తో రాడ్ కాలుస్తుంటే మామూలు ఇన్వర్టర్ దాదాపు 17–18 ఆంప్స్ లాగుతుంది. అంటే ఇంట్లో ఏసీకో గీజర్‌కో ఉండే 16 ఆంప్స్ సాకెట్ ఆ పాటికే హద్దు దాటింది. పూర్తి 200 పెడితే 40 దగ్గరికి పోతుంది. గేట్లు, గ్రిల్స్ పనికి రోజూ వాడేవాళ్ళు బోర్డు నుంచి విడిగా ఒక లైను లాగించుకుని, దానికి తగ్గ ఎంసీబీ వేయించుకోవాలి. ఎర్త్ తప్పనిసరి.

ఎక్స్‌టెన్షన్ వైరు 20–30 మీటర్లు లాగాల్సి వస్తే 4 చదరపు మి.మీ. రాగి వైరు వాడండి. చుట్ట మీద సగం వైరు అలాగే ఉంచి వాడకండి, చుట్టలో వేడి పోయే దారి లేక ఇన్సులేషన్ కరుగుతుంది. సాయంత్రం వోల్టేజీ పడిపోయే ఊళ్ళలో పొద్దున నడిచిన సెట్టింగే రాత్రికి రాడ్ అంటుకుపోయేలా చేస్తుంది. అప్పుడు మెషిన్‌ని అనుమానించకుండా ముందు లైను వోల్టేజీ కొలవండి.

ఇంకొకటి, డ్యూటీ సైకిల్. 60 శాతం అని రాసి ఉంటే పది నిమిషాల్లో ఆరు నిమిషాలు కాల్చి నాలుగు నిమిషాలు ఆపాలని అర్థం. ఆ లెక్క 40 డిగ్రీల వేడికి కట్టింది. మే నెలలో రేకుల షెడ్డు కింద అంతకంటే ఎక్కువే ఉంటుంది కాబట్టి విశ్రాంతి ఇంకాస్త ఇవ్వాలి. పసుపు లైటు వెలిగితే స్విచ్ ఆపకండి. ఫ్యాను తిరగనివ్వండి, అదే చల్లబడుతుంది.

మోడ్ మారితే లోపల ఏం మారుతుంది

ఇది ఒక్కటి పట్టుబడితే మిగతావన్నీ సులువు. రాడ్ మోడ్‌లోనూ టిగ్‌లోనూ (కరగని టంగ్‌స్టన్ కడ్డీతో, ఆర్గాన్ గ్యాస్ కింద కాల్చే పద్ధతి) మెషిన్ కరెంటుని కదలకుండా పట్టి ఉంచుతుంది. మీ చెయ్యి కాస్త పైకి లేస్తే ఆర్క్, అంటే రాడ్‌కీ ఇనుముకీ మధ్య మండే మెరుపు, పొడవవుతుంది, వోల్టేజీ పెరుగుతుంది, ఆంప్స్ మాత్రం దాదాపు అలాగే ఉంటాయి. మిగ్, అంటే వైరు మోడ్‌లో ఇది తిరగబడుతుంది. మెషిన్ వోల్టేజీని పట్టి ఉంచుతుంది, వైరు ఎంత వేగంగా వస్తే అన్ని ఆంప్స్ పుడతాయి. అందుకే మిగ్‌లో ఆంప్స్ మీట వెతికినా చాలా మెషిన్లలో దొరకదు. వైరు వేగమే ఆంప్స్ మీట.

రాడ్ మోడ్ (ఎంఎంఏ)

మోడ్ మీటని హోల్డర్ బొమ్మ వైపు తిప్పండి. తర్వాత రాడ్ ప్యాకెట్ చూడండి, ఏ ధ్రువానికి పెట్టాలో దాని మీదే ఉంటుంది. మన షాపుల్లో నూటికి తొంభై పనులు చేసే 6013 రాడ్ రెండు వైపులా కాలుతుంది. పలచని పైపుకి నేను హోల్డర్‌ని మైనస్‌లో పెడతాను, బొక్క పడే భయం తగ్గుతుంది. 7018కి మాత్రం హోల్డర్ ప్లస్‌లోనే. కేబుల్ పిన్నుని సాకెట్‌లో పెట్టి కుడివైపు గట్టిగా తిప్పి బిగించండి. వదులుగా ఉన్న పిన్ను అరగంటలో సాకెట్‌ని నల్లగా మాడ్చేస్తుంది. ఎర్త్ క్లాంప్, అంటే రెండో కేబుల్ చివర పని ముక్కని కరిచే క్లిప్పు, పట్టే చోట పెయింటు, తుప్పు గీకేయండి.

ఆంప్స్ లెక్కకి రాడ్ లావులో మి.మీ.కి 30 నుంచి 40 అనుకోండి. పన్నెండు నంబర్ రాడ్, అంటే 2.5 మి.మీ. అయితే 75 దగ్గర మొదలుపెట్టండి. పది నంబర్, 3.15 మి.మీ. అయితే 110. ఎనిమిది నంబర్, 4 మి.మీ. అయితే 150. నిలువు పనికి పది శాతం తగ్గించండి. 16 గేజ్ స్క్వేర్ పైపు మందం 1.6 మి.మీ.యే కాబట్టి పన్నెండు నంబర్‌తో 55–65 మధ్య పెట్టి, ఒకే చారలా లాగకుండా టాక్ (చిన్న చుక్క అతుకు) తర్వాత టాక్ వేసుకుంటూ పోవడం మేలు.

హాట్ స్టార్ట్ అంటే రాడ్ గీకిన మొదటి క్షణంలో మెషిన్ అదనంగా ఇచ్చే కరెంటు. మందం పనికీ 7018కీ ఇది మధ్యలో ఉంచండి. పలచని పైపుకి సున్నాకి దించండి, లేకపోతే గీకిన చోటే బొక్క పడుతుంది. ఆర్క్ ఫోర్స్ అంటే రాడ్ మరీ దగ్గరికి వచ్చి అంటుకోబోతుంటే మెషిన్ ఇచ్చే తోపు. 6013కి తక్కువ, 7018కి మధ్యస్థం చాలు. ఎక్కువ పెడితే ఆర్క్ కరుకుగా మారి రవ్వలు పెరుగుతాయి.

వీఆర్‌డీ బటన్ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రాడ్ కాలనప్పుడు హోల్డర్ దగ్గర 60–80 వోల్ట్‌లు నిలిచి ఉంటాయి. వీఆర్‌డీ వేస్తే అది ప్రమాదం బాగా తగ్గే స్థాయికి పడిపోతుంది. దీనివల్ల రాడ్ మొదట వెలిగించడం కొద్దిగా కష్టమవుతుంది, అందుకే చాలామంది ఆపేస్తారు. తడి నేల మీద, ట్యాంకు లోపల, చెమటతో చొక్కా తడిసిపోయే ఎండలో దయచేసి వేసే ఉంచండి. రెండుసార్లు ఎక్కువ గీకాల్సి వచ్చినా ఫర్వాలేదు.

ఇప్పుడు అసలు పని ముక్కలాంటిదే ఒక తుక్కు ముక్క తీసుకుని అరచెయ్యంత బీడ్ వేయండి. పైన గట్టిపడిన స్లాగ్ పెంకు కొట్టి చూడండి. బీడ్ తాడులా పైకి లేచి, అంచులు ఇనుములో కలవకుండా కూర్చుంటే కరెంటు తక్కువ. బీడ్ చదునుగా పరుచుకుని, అంచుల వెంట గోటితో గీరినట్టు గాడి పడితే ఎక్కువ. రాడ్ చివర సగం కాలేసరికి ఎర్రగా కాగి పూత రాలుతుంటే బాగా ఎక్కువ. ఐదు ఆంప్స్ చొప్పున మార్చుకుంటూ పోతే రెండు మూడు బీడ్లలో సరైన చోటు దొరుకుతుంది. మెషిన్ మీద కనిపించే అంకె కంటే ఆ బీడ్‌ని నమ్మండి.

వర్షాకాలంలో రాడ్ చెమ్మ పడితే ఏ సెట్టింగూ దాన్ని బాగుచేయదు. 6013 అయితే 100–120 డిగ్రీల దగ్గర గంట ఆరబెడితే సరిపోతుంది. 7018కి 300–350 డిగ్రీలు కావాలి, ఎండలో పెడితే చాలదు. ఓవెన్ లేని చిన్న షాపు అయితే చిన్న ప్యాకెట్లు కొని, విప్పింది విప్పినట్టు వాడుకోవడమే మంచిది.

గ్యాస్‌తో వైరు (మిగ్)

ఇక్కడ వరుస తప్పితే మళ్ళీ మొదటికి రావాల్సి వస్తుంది, అందుకే అంకెలు వేసి చెబుతున్నాను.

1. మెషిన్ ఆపి ఉండగా పట్టీ చూడండి. గట్టి వైరు, గ్యాస్ ఉన్నప్పుడు టార్చ్ ప్లస్‌లో, ఎర్త్ మైనస్‌లో.

2. 0.8 మి.మీ. వైరుకి రోలర్‌లో 0.8 గాడే వైరు వైపు ఉండాలి. ఒకే రోలర్ మీద రెండు గాడులు ఉంటాయి, పక్కన అంకె చెక్కి ఉంటుంది. గట్టి వైరుకి వీ ఆకారపు గాడి. టార్చ్ చివర టిప్ మీదా 0.8 ఉండాలి.

3. చుట్ట ఎక్కించి, వైరు చివర వంకర లేకుండా నున్నగా కత్తిరించి పెట్టండి. టిప్ తీసేసి, టార్చ్ కేబుల్ నేల మీద తిన్నగా పరిచి, వైరు బయటికి వచ్చేదాకా టార్చ్ బటన్ నొక్కి పట్టండి. తర్వాత టిప్ బిగించండి.

4. రోలర్ బిగువు చూడటానికి వైరుని చెక్క ముక్కకి ఏటవాలుగా తాకించి నొక్కండి. వైరు వంగుతూ బయటికి రావాలి. రోలర్ జారితే కొద్దిగా బిగించండి. మరీ బిగిస్తే వైరు నలిగి టార్చ్ కేబుల్ లోపలి గొట్టంలో (లైనర్) రాగి పొడి నిండుతుంది.

5. గ్యాస్ నిమిషానికి 10–12 లీటర్లు. ఉత్త కార్బన్ డయాక్సైడ్ మన దగ్గర చవక, లోతుగా కాలుస్తుంది, కానీ రవ్వలు ఎక్కువ. 80 పాళ్ళు ఆర్గాన్, 20 పాళ్ళు కార్బన్ డయాక్సైడ్ కలిసిన మిశ్రమంతో బీడ్ నున్నగా వస్తుంది.

6. వోల్టేజీ, వైరు వేగం పెట్టండి. ఆంప్స్‌ని 0.05తో గుణించి 14 కలిపితే వోల్టేజీ వస్తుంది. 2 మి.మీ. రేకుకి 80 ఆంప్స్ కావాలనుకుంటే 18 వోల్ట్‌లు. 0.8 వైరు నిమిషానికి 4 మీటర్ల వేగంతో వస్తే దాదాపు 80 ఆంప్స్ పుడతాయి. ఉత్త కార్బన్ డయాక్సైడ్ అయితే ఒక వోల్ట్ పెంచుకోండి.

7. టిప్ నుంచి వైరు 10–12 మి.మీ. బయట ఉండేలా పట్టి, తుక్కు ముక్క మీద కాల్చండి.

సరైన సెట్టింగులో ఆగకుండా ఒకే తీరున చిర్రుమనే శబ్దం వస్తుంది. వైరు ఇనుముకి పొడుచుకుని టార్చ్‌ని వెనక్కి తోస్తుంటే, టక్ టక్ మని తెగి తెగి వస్తుంటే వేగం ఎక్కువ లేదా వోల్టేజీ తక్కువ. వైరు చివర పెద్ద గుండు కట్టి, కాలుతూ టిప్ దాకా వచ్చి అంటుకుపోతుంటే వోల్టేజీ ఎక్కువ. ఒకసారికి ఒక్క మీటే తిప్పండి. రెండూ కలిపి తిప్పితే ఏది బాగుచేసిందో ఏది చెడగొట్టిందో తెలియదు. సినర్జిక్ మెషిన్లలో వైరు లావు, గ్యాస్ రకం చెబితే వేగానికి తగ్గ వోల్టేజీ అదే పెట్టుకుంటుంది. కొత్తవాళ్ళకి అది మంచి మొదలు, కానీ చెవితో విని సరిదిద్దుకోవడం ఆపకండి. ఇండక్టెన్స్ మీట పెంచితే ఆర్క్ మెత్తబడి రవ్వలు తగ్గుతాయి, బీడ్ అంచులు పరుచుకుంటాయి.

బటన్ 2టి అయితే నొక్కినంతసేపే కాలుతుంది. 4టి అయితే ఒకసారి నొక్కి వదిలితే మొదలై, మళ్ళీ నొక్కి వదిలితే ఆగుతుంది. పొడవాటి బీడ్లకి 4టి చేతికి సుఖం.

ఫ్యాను గాలి తగిలినా గ్యాస్ చెదిరిపోయి బీడ్ నిండా సూది బెజ్జాలు పడతాయి. ఉక్కపోతకి టేబుల్ ఫ్యాను పనివైపు తిప్పి పెట్టుకుని, గ్యాస్ బాగాలేదని సిలిండర్ మార్చినవాళ్ళని చూశాను. ఫ్యాను వీపు వైపు, కాస్త దూరంగా పెట్టుకోండి.

గ్యాస్ లేని వైరు

మేడ మీద రెయిలింగు, పొలంలో షెడ్డు లాంటి గాలి పనులకి ఇది. వైరు లోపలే మందు ఉంటుంది. అయితే మందు ఉన్న వైరులన్నీ గ్యాస్ లేకుండా కాలవు. చుట్ట మీద ఈ71టి-జీఎస్ లేదా ఈ71టి-11 అని ఉంటే గ్యాస్ వద్దు, టార్చ్ మైనస్‌లో ఉండాలి. ఈ71టి-1 అని ఉంటే గ్యాస్ కావాలి, టార్చ్ ప్లస్‌లో ఉండాలి. ఈ ఒక్క అంకె చూడక చుట్టలకి చుట్టలు పారేస్తున్నారు.

రోలర్ గాడి గరుకు పళ్ళది వేయండి, ఈ వైరు లోపల గుల్ల కాబట్టి వీ గాడిలో నలుగుతుంది. బిగువు తగ్గించండి. టిప్ బయట వైరు 15 మి.మీ. దాకా ఉండొచ్చు. స్లాగ్ వచ్చే పనిలో టార్చ్‌ని మీ వైపుకి లాగుతూ పోవాలి, రాడ్ లాగినట్టే. గ్యాస్ మిగ్‌లో ముందుకి తోస్తూ పోవచ్చు. తోస్తే ఇక్కడ స్లాగ్ బీడ్ లోపల చిక్కుకుంటుంది.

టిగ్

టార్చ్ మైనస్‌లో, ఎర్త్ క్లాంప్ ప్లస్‌లో. పొరపాటున తిరగేస్తే టంగ్‌స్టన్ చివర క్షణంలో కరిగి గుండవుతుంది. గ్యాస్ శుద్ధమైన ఆర్గాన్ మాత్రమే, నిమిషానికి 6 నుంచి 10 లీటర్లు. మిగ్‌కి పెట్టిన మిశ్రమం సిలిండర్‌తోనే కానిచ్చేద్దామనుకుంటే టంగ్‌స్టన్ నల్లగా మాడిపోతుంది.

చిన్న మెషిన్లలో ఉండేది లిఫ్ట్ టిగ్. టార్చ్ మీద ఉన్న గ్యాస్ వాల్వ్ చేత్తో తెరిచి, టంగ్‌స్టన్‌ని ఇనుముకి మెల్లగా ఆనించి, మణికట్టు తిప్పి రెండు మి.మీ. పైకి లేపితే ఆర్క్ వెలుగుతుంది. గీకాల్సిన పని లేదు. 1.6 మి.మీ. టంగ్‌స్టన్ దాదాపు 150 ఆంప్స్ దాకా తట్టుకుంటుంది. ఇంటి రెయిలింగు పనులకి అదే చాలు. మొన చెక్కేటప్పుడు గ్రైండర్ గీతలు పొడవునా ఉండాలి, అడ్డంగా ఉంటే ఆర్క్ అటూ ఇటూ తిరుగుతుంది. మొన పొడవు లావుకి రెండింతలు. ఎర్ర రంగు చివర ఉన్న వాటిలో థోరియం ఉంటుంది, దాని పొడి పీల్చడం మంచిది కాదు. బంగారు రంగు లేదా నీలం రంగు లాంథనం రకాలు కొనండి.

ఎస్ఎస్ (స్టెయిన్‌లెస్ స్టీల్) పైపుకి మి.మీ.కి 30–40 ఆంప్స్ లెక్క. 1.5 మి.మీ. పైపుకి 50 దగ్గర మొదలుపెట్టండి. 304 రకానికి 308ఎల్ ఫిల్లర్ (అతుకులో కరిగించే తీగ), మామూలు ఇనుముని ఎస్ఎస్‌కి అతకాలంటే 309ఎల్. డౌన్ స్లోప్ (చివర్లో కరెంటు మెల్లగా దించే సెట్టింగు) ఉన్న మెషిన్ అయితే 3 సెకన్లు పెట్టండి, చివర్లో నక్షత్రంలా పగులు రాదు. పోస్ట్ ఫ్లో, అంటే ఆర్క్ ఆగాక గ్యాస్ వచ్చే సమయం, 8 సెకన్ల కంటే తగ్గించకండి. కాల్చడం ఆగాక కూడా టార్చ్‌ని అక్కడే పట్టి ఉంచితే ఆ గ్యాస్ కింద బీడ్, టంగ్‌స్టన్ రెండూ చల్లబడతాయి. బీడ్ రంగు చూస్తే అన్నీ తెలిసిపోతాయి. బంగారు రంగు వస్తే బాగుంది, నీలం ఫర్వాలేదు, బూడిద రంగు గానీ నలుపు గానీ వస్తే వేడి ఎక్కువైంది లేదా గ్యాస్ చాలలేదు.

అల్యూమినియం సంగతి ఒక్క మాట. డీసీ మాత్రమే ఉన్న మెషిన్‌తో ఆర్గాన్ టిగ్‌లో అల్యూమినియం పని మొదలుపెట్టకండి. పైన ఉండే ఆక్సైడ్ పొరని పగలగొట్టడానికి ఏసీ కావాలి. ఏసీ మెషిన్ ఉంటే ఫ్రీక్వెన్సీ 100 హెర్ట్జ్, మైనస్ వాటా 70 శాతం దగ్గర మొదలుపెట్టండి. ఆ బ్యాలెన్స్ అంకెని కొన్ని మెషిన్లు మైనస్ వాటాగా, కొన్ని శుభ్రం చేసే ప్లస్ వాటాగా చూపిస్తాయి. మీ మెషిన్ పుస్తకంలో ఏదో చూసుకున్నాకే తిప్పండి, తిరగేస్తే టంగ్‌స్టన్ పోతుంది.

ఏ మోడ్‌లో ఉన్నా

జీఐ పైపు కాల్చేటప్పుడు వచ్చే తెల్లటి పొగ జింకుది. పీలిస్తే రాత్రికి చలిజ్వరం వస్తుంది. బెల్లం ముక్క తింటే పోతుందని మన షాపుల్లో గట్టి నమ్మకం. అతుకు దగ్గర పూత గ్రైండ్ చేసేయడం, గాలి పారే చోట కూర్చోవడం, మాస్క్ వేసుకోవడం, ఇవే కాపాడతాయి. డీజిల్ ట్యాంకు, పెట్రోలు డబ్బా ఖాళీగా ఉన్నా కాల్చకండి, లోపల మిగిలిన ఆవిరి పేలుతుంది. ట్రాక్టర్ మీద, లారీ మీద పని చేస్తే ముందు బ్యాటరీ మైనస్ తీసేయండి. ఎర్త్ క్లాంప్‌ని కాల్చే చోటికి దగ్గరగా పెట్టండి. క్లాంప్‌కీ రాడ్‌కీ మధ్య బేరింగ్ ఉంటే కరెంటు దాని గుండా పోయి గుండ్లు దెబ్బతింటాయి.

హెల్మెట్ అద్దం 100 ఆంప్స్ పైన 11 నంబర్. కళ్ళలో ఇసుక పోసినట్టు మండితే బంగాళదుంప ముక్కలు, పాలు వేయకుండా కంటి డాక్టర్ దగ్గరికి పొండి. టాక్ ఒక్కటే కదా అని కళ్ళు మూసుకుని వేసే అలవాటు మానండి. రెప్పలు ఆ వెలుతురుని పూర్తిగా ఆపలేవు.

సాయంత్రం మూసేటప్పుడు సిలిండర్ వాల్వ్ కట్టేసి, టార్చ్ నొక్కి గొట్టంలో మిగిలిన గ్యాస్ వదిలేయండి. రోలర్ బిగువు సడలించి, వైరు చుట్ట తీసి మూత ఉన్న డబ్బాలో పెట్టండి. ఫ్యాను ఐదు నిమిషాలు తిరిగాక స్విచ్ ఆపండి. మా మెషిన్ మూత లోపల నల్ల మార్కర్‌తో ఆరు వరుసలు రాసి ఉంటాయి. పని, రాడ్ లేదా వైరు, టార్చ్ ప్లస్సా మైనస్సా, ఆంప్స్, వోల్ట్‌లు, గ్యాస్. ఆ రోజు కుర్రాడు వెళ్తూ వెళ్తూ వాటిని ఫోన్‌లో ఫోటో తీసుకున్నాడు. నేను మార్కర్ ఇచ్చి, తన మెషిన్ మూత మీద మొదటి వరుస అతని చేత్తోనే రాయించాను: గ్యాస్ లేని వైరు, టార్చ్ మైనస్.